లంగరు ఎవరు లాగాలి?

ముందే ఒప్పేసుకుంటున్నా. నీళ్ళ మీద నేను చేసిన ప్రయాణం మొత్తం నాగార్జునసాగర్ నుంచి నాగార్జునకొండకి లాంచీలో వెళ్ళి రావడమే. అది సముద్రం కూడా కాదు. అయినా మూడు నెలలుగా నా సాయంత్రాలు ఒక సముద్రపు విషయానికే ఖర్చయిపోతున్నాయి: ముప్ఫై రెండడుగుల తెరచాప పడవకి లంగరు పైకి లాగే గిలక చేత్తో ఆడించేది కొనాలా, కరెంటుతో తిరిగేది కొనాలా?

పడవ నాది కాదు లెండి. మా క్లాస్‌మేట్ ఒకడు, ఎల్బీనగర్ కుర్రాడు. నాలుగేళ్ళు ఇబ్రహీంపట్నం వైపు కాలేజీ బస్సులో పక్క పక్క సీట్లలో కూర్చుని, ఆ తర్వాత దిల్‌సుఖ్‌నగర్ లో ఒకే ఇన్‌స్టిట్యూట్ లో జావా నేర్చుకున్నాం. నేను ఇక్కడే ఉండిపోయాను. వాడు ఎమ్మెస్ అని వెళ్ళి ఇప్పుడు సియాటిల్ లో ఉన్నాడు. అక్కడ అందరూ ఇల్లు కొంటుంటే వీడు పడవ కొన్నాడు. కొత్తది కాదు, 1979 లో తయారైంది, అంటే మా ఇద్దరి కన్నా పెద్దది. వాడూ వాళ్ళావిడా వారాంతాల్లో అందులో తిరుగుతుంటారు. ఇంకో రెండేళ్ళలో ఆరు నెలలు సెలవు పెట్టి దక్షిణంగా మెక్సికో దాకా వెళ్ళాలని ప్లాను.

కిందటి వేసవిలో సాన్ హువాన్ దీవుల దగ్గర ఒక ఇరుకు కయ్యలో రాత్రికి లంగరు వేసుకుని పడుకున్నారు. రాత్రి రెండింటికి గాలి దిక్కు మారింది. లంగరు పట్టు వదిలి జారడం మొదలుపెట్టింది. వెనక రాళ్ళు, పక్కన ఇంకో పడవ. లంగరు పైకి లాగి ఇంకో చోట వేయాలి. వీళ్ళ పడవకి గిలక లేదు, ఉన్నదంతా చేతులే. ముందు పాతికేళ్ళు వాడిన ఓనరు బలశాలి కాబోలు. మా వాడు పదేళ్ళుగా కుర్చీలో కూర్చున్న మనిషి, నడుం అప్పటికే సగం పోయింది. సగం గొలుసు లాగేసరికి మిగతా సగం కూడా పోయింది. పోనీ గొలుసు మొత్తం వదిలేసి పారిపోదామంటే, దాని చివర పడవ లోపల ఇనప కొక్కానికి బిగించేసి ఉంది, ఊడదు. తెల్లారేదాకా ఇంజను నడిపిస్తూ, లంగరు మీద బరువు పడకుండా చూసుకుంటూ ఆవిడ స్టీరింగ్ దగ్గర నిలబడింది. వాడు ముందు పడుకుని చూస్తూ ఉన్నాడు. కూర్చోలేడు కాబట్టి.

ఆ సంగతి వాడు నాకు చెప్పాడు, వాళ్ళ నాన్నకి చెప్పలేదు. ఇంకెవరి ద్వారానో అంకుల్ కి తెలిసిపోయింది. ఒక ఆదివారం పొద్దున్నే ఫోన్.

"మావోడు లంగరు గుంజలేక నడుం ఇరగ్గొట్టుకున్నడంట గదా. నీకు తెలుసా?"

"తెలుసంకుల్."

"తెలిసి చెప్పకపోతివి. సరే, దుకాణం కాడికి రా."

అంకుల్ కి సాగర్ రోడ్డు మీద మోటర్ వైండింగ్ షాపు ఉంది. ముప్ఫై ఏళ్ళుగా బోరు మోటర్లు బయటికి తీయడం, కాలిపోతే చుట్టడం, మళ్ళీ దించడం ఆయన పని. ఎడమ చేతికి రెండు వేళ్ళు చివర్లు ఉండవు. ఆ సంగతి తర్వాత చెప్తా.

సరే, ఇక అసలు విషయం. ఈ గిలకని వాళ్ళు విండ్‌లాస్ అంటారు. పడవ ముక్కు దగ్గర డెక్ మీద బిగిస్తారు. గొలుసు లింకులు సరిగ్గా కూర్చునేలా గుంటలున్న చక్రం ఒకటి ఉంటుంది, దాని పేరు జిప్సీ. తాడు చుట్టుకోడానికి పక్కన నున్నటి డ్రమ్ము. చేతిదైతే ఒక పొడుగు లీవరు పెట్టి ముందుకీ వెనక్కీ ఆడిస్తారు, ర్యాచెట్ ఉంటుంది కాబట్టి గొలుసు వెనక్కి పోదు. కరెంటుదైతే కాలితో బటన్ నొక్కితే చాలు.

మనం సాఫ్ట్‌వేర్ వాళ్ళం కదా, మొదట నేను చేసిన పని ఎక్సెల్ తెరవడం. పోటు లేనప్పుడు 8 మీటర్ల లోతున్న చోట లంగరు వేశాడనుకుందాం. సియాటిల్ దగ్గర ఆటుపోట్ల తేడా మామూలుగా మూడున్నర మీటర్లు ఉంటుంది. నీటి నుంచి పడవ ముక్కు ఎత్తు ఒక మీటరు పైన. మొత్తం పన్నెండున్నర మీటర్లు. దానికి కనీసం నాలుగింతలు గొలుసు వదలాలి, లాగుడు అడ్డంగా ఉంటేనే లంగరు నేలని పట్టుకుంటుంది, నిలువుగా లాగితే ఊడొస్తుంది. అంటే 50 మీటర్లు. 8 మిల్లీమీటర్ల గొలుసు మీటరుకి దాదాపు కిలోన్నర తూగుతుంది, కచ్చితంగా అంటే 1.4. లంగరు 15 కిలోలు. కానీ గమనించండి, 50 మీటర్లూ ఒకేసారి చేతిలో వేలాడవు. చాలా భాగం నేల మీద పడుకుని ఉంటుంది. నిలువుగా వేలాడేది పన్నెండు మీటర్లే, అంటే 17 కిలోలు, చివర్లో లంగరుతో కలిపి 32. ఇనుము నీళ్ళలో ఎనిమిదో వంతు తేలికవుతుంది కాబట్టి 28 అనుకోండి. ఈ మొత్తం పైకి తేవడానికి కావలసిన శక్తి లెక్క కడితే దాదాపు ఎనిమిది వేల జౌల్స్ వచ్చింది. డెబ్భై కిలోల మనిషి నాలుగంతస్తుల మెట్లెక్కితే అయ్యే ఖర్చు!

నాకు భలే సంతోషమేసింది. నాలుగంతస్తుల మెట్ల కోసం మోటారా? చేతిదే కొనరా మామా అని మెసేజ్ పెట్టేశాను.

పైగా కరెంటు వైపు లెక్కలు నన్ను ఇంకా రెచ్చగొట్టాయి. పడవలో ఉండేది 12 వోల్టులు. వెయ్యి వాట్ల మోటరంటే 83 ఆంపియర్లు. ఇంట్లో ఏసీ తీసుకునేదానికి పది రెట్లకి పైగా. బ్యాటరీ పడవ మధ్యలో, గిలక ముక్కు దగ్గర. వైరు పోనూ రానూ 20 మీటర్లు. 35 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబులు వేసినా దారిలోనే దాదాపు ఒక వోల్టు తినేస్తుంది. ఆ కేబులే ఆరు కిలోల పైన బరువు. దానికో బ్రేకరు, రిలే, కాలి స్విచ్. ఇవన్నీ ఎక్కడుంటాయి? పడవలో అన్నిటికన్నా ఎక్కువ ఉప్పునీళ్ళు పడే చోట. వాడి పడవలో ముక్కు వైపు ఇప్పుడు ఒక చిన్న లైటు తప్ప వైరింగే లేదు. అదీ వెలగదు.

ఇంతవరకూ నా ఎక్సెల్ జ్ఞానం. ఆ ఆదివారం షాపుకి వెళ్ళి ఇదంతా అంకుల్ కి గర్వంగా వివరించాను. ఆయన మొత్తం విని, ఎడమ చెయ్యి చూపించారు.

"ఇది చేతి గిలకనే తిన్నది."

చౌటుప్పల్ దగ్గర ఒక పొలంలో, ఆయన కుర్రతనంలో. హ్యాండిలు గుండ్రంగా తిప్పే రకం గిలక. మోటరు కిందికి దించుతున్నప్పుడు ర్యాచెట్ తప్పించి, హ్యాండిలు పట్టుకుని మెల్లగా వదలాలి. పట్టు జారింది. నాలుగు వందల అడుగుల పైపుల బరువుతో హ్యాండిలు ఫ్యాన్ లాగా తిరిగింది. దాన్ని ఆపబోయాడు. అంతే.

"గందుకే అడుగుతున్న. ఆ గిలక చెయ్యి వదిలితే ఆగుతదా, తిరుగుతదా?"

ఈ ప్రశ్న నా ఎక్సెల్ లో లేదు. ఇంటికొచ్చి చదివితే తెలిసింది. లీవరు రకంలో లీవరు ర్యాచెట్ మీద పని చేస్తుంది కాబట్టి గొలుసు వెనక్కి గుంజినా లీవరు తిరగదు. గొలుసు వదిలేటప్పుడు లీవరు తీసి పక్కన పెట్టి, క్లచ్ అనే బిగింపుని కొద్దికొద్దిగా వదులు చేస్తూ పోవాలి, సైకిల్ బ్రేకు లాగా. అంటే అంకుల్ వేళ్ళు తిన్న పద్ధతి ఇందులో లేదు. కానీ క్లచ్ వదులు చేశాక గొలుసు పరుగందుకుంటే చెయ్యి పెట్టి ఆపాలన్న బుద్ధి పుడుతుందే, అది మాత్రం ఇక్కడా అంతే ప్రమాదం. వేళ్ళు పోగొట్టుకున్న నావికుల కథలన్నీ ఇలాగే మొదలవుతాయి.

ఆ మధ్య ఏప్రిల్ లో మా అపార్ట్‌మెంట్ బోరు మోటరు కాలిపోయింది. (ఎల్బీనగర్ లో ఏప్రిల్ లో బోరు మోటరు కాలకపోతే ఆ ఏడాది వేసవి రానట్టే.) మా బోరు బిల్డింగ్ వెనక ఆరడుగుల సందులో ఉంది. క్రేన్ ఉన్న లారీ ఆ సందులోకి రాదు. అంకుల్ మనుషులు ముగ్గురు వచ్చారు, మూడు కాళ్ళ స్టాండు, చైన్ పుల్లీ తెచ్చుకున్నారు. కూర్చుని చూశాను. 400 అడుగులు, ఒక్కోటి 20 అడుగుల జీఐ పైపులు 20. పైపుల బరువే 380 కిలోలు, వాటిలో నిలిచిపోయిన నీళ్ళు ఇంకో 120, మోటరూ పంపూ కలిపి 40. అర టన్ను పైనే. ముగ్గురు మనుషులు చేతులతో నాలుగు గంటల్లో బయట పెట్టేశారు.

నన్ను ఆకట్టుకుంది బరువు ఎత్తడం కాదు. ప్రతి పది అడుగులకీ ఆపి, బోరు కేసింగ్ మూతి మీద పైపుకి ఇనప క్లాంపు బిగించి, బరువు మొత్తం ఆ క్లాంపు మీదకి దించేసి, అప్పుడు చైన్ కొక్కెం విప్పి కిందికి తెచ్చి మళ్ళీ తగిలించేవాళ్ళు. చైన్ పుల్లీలో బ్రేకు ఉంటుంది, వదిలేసినా బరువు ఆగుతుంది. అయినా ఒక్కసారి కూడా దాన్ని నమ్ముకుని చాయ్ తాగడానికి పోలేదు. క్లాంపు బిగించాకే చాయ్. ఎందుకన్నా అని అడిగితే, "చైన్ గుంజనీకె సార్, పట్టుకొని ఉండనీకె కాదు" అన్నాడు అందులో పెద్దాయన.

పడవల వాళ్ళ సూత్రం కూడా అచ్చంగా ఇదేనని తర్వాత చదివి నవ్వుకున్నాను. లంగరు వేశాక బరువు గిలక మీద వదిలేయకూడదు. గొలుసుకి ఒక కొక్కెం తగిలించి, దానికి సాగే నైలాన్ తాడు కట్టి, ఆ తాడుని పడవ ముందున్న గట్టి గుంజకి కట్టాలి. అలలకి పడవ ఎగిరినప్పుడు ఆ కుదుపు తాడు తింటుంది. లేకపోతే గిలక గేర్లు తింటాయి. లంగరు మట్టిలో కూరుకుపోయినప్పుడు కూడా అంతే, గిలకతో పీకకూడదు. గొలుసు నిలువుగా అయ్యేదాకా లాగి, ఆపు కొక్కెం వేసి, ఇంజనుతో పడవని మెల్లగా ముందుకి నడిపితే అదే ఊడొస్తుంది. మా వాడు ఆ రాత్రి ఈ రెండూ చేతులతో చెయ్యబోయాడు.

ఇంకా ఉంది. అంకుల్ నా "నాలుగంతస్తుల మెట్లు" లెక్క నమ్మలేదు.

"నువ్వు ఎక్కినవా?" అన్నారు.

తర్వాతి శనివారం షాపులో ఒక ఏర్పాటు చేసి పెట్టారు. పైన దూలానికి గిలక, కింద ఆరంగుళాల పాత ర్యాచెట్ డ్రమ్ము, దానికి లీవరుగా రెండున్నర అడుగుల పైపు ముక్క, తాడు చివర పనికిరాని మోటరు బాడీ 20 కిలోలు. లెక్క ప్రకారం నా చేతి మీద పడేది రెండు కిలోలే. ఒక్కో ఊపుకి తాడు ఎనిమిది సెంటీమీటర్లు వస్తుంది. మోటరు పైకప్పు దాకా వెళ్ళాక కుర్రాడు దించేస్తాడు, మళ్ళీ మొదలు. 50 మీటర్లు పూర్తి చెయ్యాలి.

ఎనిమిది సెంటీమీటర్లంటే 50 మీటర్లకి 625 ఊపులు. ఈ భాగహారం నేను ఎక్సెల్ లో చెయ్యలేదండీ. శక్తి లెక్క కట్టాను గానీ ఎన్నిసార్లు వంగాలో లెక్క కట్టలేదు.

డ్రమ్ము నేల మీద బిగించి ఉంది కాబట్టి, పడవ ముక్కు మీద లాగే మోకాళ్ళ మీద కూర్చోవాలి. యాభై దాకా బాగానే ఉంది. నూట ముప్ఫై దగ్గర చేతులు కాదు, నడుం పట్టేసింది. అచ్చంగా మా వాడికి పట్టేసిన చోటే. నేను వారానికి ఐదు రోజులు కొత్తపేట నుంచి హైటెక్ సిటీకి మెట్రోలో పోయొచ్చే మనిషిని, వ్యాయామం అంటే అమీర్‌పేటలో రైలు మారడానికి పరిగెత్తడమే. అంకుల్ చాయ్ తాగుతూ చూస్తున్నారు.

"ఇంకా ఐదొందలున్నయి" అన్నారు.

నేను లేచి నిలబడ్డాను. ఆయన ఆ పైపు ముక్క తీసేసి మూడున్నర అడుగుల పైపు పెట్టారు. ఇప్పుడు నిలబడి, కొద్దిగా వంగి, ఒంటి బరువుతో ఊపొచ్చు. మధ్యలో రెండుసార్లు ఆగినా మొత్తం పూర్తి చేశాను. మోకాళ్ళ మీద చేసిన ఆ నూట ముప్ఫై తీసేస్తే, మిగతా దాదాపు ఐదు వందలు నిలబడి ఇరవై నిమిషాల్లో.

ఇరవై నిమిషాలు! రాత్రి రెండింటికి, రాళ్ళు వెనక పెట్టుకుని.

ఇక్కడ నా అభిప్రాయం కొంచెం పక్కకి జరిగింది. చేతి గిలకకి వ్యతిరేకంగా చెప్పే వాదనల్లో బ్యాటరీలూ బలాలూ కాదు, ఒక్కటే నాకు నిజంగా బరువైనదిగా తోచింది: బద్ధకం. లంగరు సరిగ్గా పడలేదని అనుమానం వచ్చినప్పుడు, బటన్ నొక్కితే లేచేదైతే వెంటనే లేపి మళ్ళీ వేస్తారు. ఇరవై నిమిషాలు ఊపాలంటే "పర్లేదులే, పట్టుకునే ఉంటుంది" అనుకుంటారు. మనకి ఇది తెలియంది కాదు. రోల్‌బ్యాక్ చెయ్యడానికి నాలుగు గంటలు పట్టే సిస్టమ్ లో ఎవరూ రోల్‌బ్యాక్ చెయ్యరు, లాగ్స్ చూస్తూ దేవుడికి దణ్ణం పెట్టుకుంటారు. శుక్రవారం సాయంత్రం నేనూ ఆ పని చేశాను. చేతి గిలక అమ్మేవాళ్ళూ వాడేవాళ్ళూ "పాడవదు, నమ్మకం" అంటారు. నిజమే. కానీ వాడబుద్ధి కాని నమ్మకమైన వస్తువు వల్ల ఏం లాభం?

అయినా చివరికి నా ఓటు చేతిదానికే. ఎందుకో చెప్తా, కానీ షరతులతో.

మొదటిది, రెండు వైపులా పని చేసేదై ఉండాలి. అంటే లీవరు ముందుకి తోసినా గొలుసు రావాలి, వెనక్కి లాగినా రావాలి. షాపులో నా 625 ఊపుల్లో తిరుగు ప్రయాణమంతా వృథాయే. రెండు వైపులా పని చేస్తే సమయం దాదాపు సగమవుతుంది. గ్లాస్గో కంపెనీ సింప్సన్ లారెన్స్ చేసిన సీటైగర్ 555 అని ఒకటుంది, పాతకాలం పడవల వాళ్ళు ఇప్పటికీ దాని పేరు భక్తిగా చెప్తారు. రెండు వేగాలు కూడా ఉన్నాయి దానికి, వేలాడే బరువు తక్కువున్నప్పుడు వేగంగా, లంగరు లేచేటప్పుడు నెమ్మదిగా. కానీ దాని తయారీ ఎప్పుడో ఆగిపోయింది. పాతది దొరికితే అల్యూమినియం బాడీ ఉప్పుకి తినేసిందో లేదో, లోపలి సీల్స్ దొరుకుతాయో లేదో చూసుకోవాలి. సపోర్టు ఆగిపోయిన లైబ్రరీ మీద కొత్త ప్రాజెక్టు కట్టొద్దని మనమే కదా జూనియర్లకి చెప్పేది. ఇటలీ వాళ్ళ లోఫ్రాన్స్ రాయల్ ఇంకోటి, సాదాసీదాది, నెమ్మది అని దాన్ని వాడినవాళ్ళే చెప్తారు.

రెండోది గొలుసు సైజు. దీని మీద ఎవరూ మొదట్లో శ్రద్ధ పెట్టరు. జిప్సీ గుంటలు ఒక్క రకం లింకుకే సరిపోతాయి. పది మిల్లీమీటర్ల గొలుసు అని ఒకే పేరు మీద రెండు ప్రమాణాలున్నాయి, ఒకదాంట్లో లింకు లోపలి పొడుగు 28 మిల్లీమీటర్లు, ఇంకోదాంట్లో 30. ఆ రెండు మిల్లీమీటర్లతో గొలుసు పళ్ళ మీద ఎగిరి ఎగిరి పడుతుంది, ఒక్కోసారి మొత్తం జారిపోతుంది. అమెరికాలో అంగుళాల గొలుసుల గొడవ దీనికి అదనం. మా వాడి గొలుసు ఏ ప్రమాణమో వాడికే తెలీదు, పాత ఓనరు చెప్పలేదు.

మూడోది, 50 మీటర్లూ గొలుసే ఉండక్కర్లేదు. లంగరు వైపు 40 మీటర్లు గొలుసు, ఆ తర్వాత 40 మీటర్లు నైలాన్ తాడు. మామూలు రాత్రుళ్ళలో గొలుసుతో పాటు కొంచెం తాడు బయటికి వెళ్తుంది, తాడు చేత్తోనే లాగేయొచ్చు. పడవ ముక్కు మీద బరువు కూడా సగమవుతుంది, 80 మీటర్ల గొలుసు 112 కిలోలు, ఇది 56. తాడూ గొలుసూ కలిసే చోట డ్రమ్ము మీంచి జిప్సీ మీదకి మార్చడం కాస్త చిరాకు పని, అది భరించాలి.

ఇక ఆ రెండో చివర. దాన్ని ఇనప కొక్కానికి కాకుండా తాడుతో కట్టి, ఆ తాడు డెక్ మీదకి వచ్చేంత పొడుగు పెట్టాలి. కొంపలు మునిగే రాత్రి వస్తే కత్తితో కోసేసి, ఒక తేలే డబ్బా కట్టి వదిలేసి, పొద్దున వచ్చి వెతుక్కోవచ్చు. దీనికయ్యే ఖర్చు రెండు మీటర్ల తాడు. గిలక గురించి మూడు నెలలు వాదించుకున్నాం గానీ ఆ రాత్రి వాళ్ళని ఆదుకునేది ఈ తాడు ముక్కే.

సరే, బటన్ నొక్కేదానికి ఎందుకు ఓటు వెయ్యలేదు? చాలావాటికి అత్యవసరంగా చేత్తో తిప్పుకునే ఏర్పాటు ఉంటుంది, అది నిజమే, కానీ అది మహా నెమ్మది. అంటే చెడిపోయిన రోజున ఇరవై నిమిషాల కన్నా అన్యాయమైన చేతి గిలక మిగులుతుంది. అదే పెద్ద పడవైతే, 10 మిల్లీమీటర్ల గొలుసు, పాతిక కిలోల లంగరు అయితే నేను నోరు మూసుకుని కరెంటుదే అనేవాణ్ణి. వీళ్ళది ముప్ఫై రెండడుగులు, ఇద్దరూ ముప్ఫైలోపు వాళ్ళు, పడవలో వైరింగు శూన్యం. చేతిది నెమ్మదిగా అరిగి, మూలుగుతూ, ముందే చెప్పి చెడుతుంది. విప్పితే లోపలేముందో కనిపిస్తుంది. బ్యాకప్ కూడా ఉంది: తెరచాప తాళ్ళు లాగే వించ్ లు పడవ వెనక భాగంలో ఎలాగూ ఉంటాయి, గొలుసుకి తాడు కట్టి దాని దాకా తెచ్చి లాగొచ్చు, దఫదఫాలుగా.

వీడియో కాల్ లో ఇదంతా చెప్తే మా వాడు అన్నీ ఒప్పుకున్నాడు. వాళ్ళావిడ ఒక్క ప్రశ్న అడిగింది.

"అన్నయ్యా, ఆయనకి నడుం బాలేదు కదా. ఇది ఎవరు లాగుతారు?"

మూడు నెలల్లో మేం ముగ్గురు మగాళ్ళం అడగని ప్రశ్న. ఆవిడ స్టీరింగ్ దగ్గర ఉంటుంది, వాడు ముందు ఉంటాడు అని మేమే అనేసుకున్నాం. ఎందుకు? బలం పని మగవాడిదని. తీరా చూస్తే ఆవిడ వారానికి మూడు రోజులు ఈత కొడుతుంది, వాడు ఫిజియోథెరపీకి పోతున్నాడు. ఇంజను దగ్గర నిలబడి పడవని గొలుసు వైపు మెల్లగా నడపడం కూర్చునో నిలబడో చెయ్యొచ్చు, వాడు చెయ్యగలిగింది అదే. అంటే లీవరు పొడుగు, గిలక ఎత్తు ఆవిడ ఒంటికి సరిపోవాలి, వాడికి కాదు. డెక్ మీద నాలుగంగుళాల చెక్క దిమ్మ వేసి దాని మీద బిగిస్తే వంగడం తగ్గుతుంది. ఇదీ ఆవిడే అంది.

అంకుల్ పక్కనే ఉన్నారు, విన్నారు. ఆయనకి కోడలు లంగరు లాగడం నచ్చుతుందా అని నాకు భయం. 2018 లో ఐఎన్ఎస్‌వీ తారిణి మీద ఆరుగురు నేవీ ఆఫీసరమ్మాయిలు ప్రపంచం చుట్టి గోవాకి తిరిగొచ్చినప్పుడు టీవీలో చూసి ఈయనే మురిసిపోయారట, అందులో ఐశ్వర్య బొడ్డపాటి మన హైదరాబాద్, స్వాతి వైజాగ్ అని. దార్లో స్టీరింగ్ పాడై మారిషస్ లో ఆగాల్సి వచ్చిన సంగతి కూడా గుర్తుంది ఆయనకి, మిషన్ల మనిషి కదా. ఆ మాట గుర్తు చేశాను.

"వాళ్ళు నేవీల నేర్చుకున్నరు. వీళ్ళు యూట్యూబ్ ల నేర్చుకున్నరు" అన్నారు. కాసేపాగి ఫోన్ దగ్గరికి తీసుకుని, "అమ్మా, గొలుసు ఉరుకుతుంటే చెయ్యి పెట్టకు. పోతే పోనియ్. సామాన్లు కొనొచ్చు" అని చెయ్యి పైకెత్తి కెమెరాకి చూపించారు. ఆవిడకి ఆ వేళ్ళ కథ అప్పటిదాకా తెలీదట.

వచ్చే శనివారం వాళ్ళు పాత పడవ సామాన్లు అమ్మే ఒక కొట్టుకి వెళ్తున్నారు. రెండు వైపులా పని చేసే గిలక ఒకటి ఉందని ఫోన్ లో చెప్పారట. గొలుసు చివర్నుంచి ఒక అర మీటరు ముక్క కోసి సంచిలో పెట్టుకోమన్నాను, జిప్సీ మీద వేసి చూడటానికి. ఆవిడ నిలబడి ఊపి చూశాక లీవరు పొడుగు కొలిచి పంపమన్నారు అంకుల్. సెంటీమీటర్లు వద్దు, అంగుళాల్లో. చాలకపోతే ఇక్కడి నుంచే స్టెయిన్‌లెస్ పైపు కోయించి, ఎవరైనా వెళ్ళేవాళ్ళ చేతికి ఇచ్చి పంపిస్తారట.